నోరు విప్పని టీచరు

"మాటిమాటికీ అడ్డొస్తారేమిటండీ? కాస్త చూడనివ్వండి!"

కాంవెండో గారు కసురుకునేసరికి హెడ్మాస్టరు నసిబెకో ఒక అడుగు వెనక్కి వేశాడు.

కాంవెండో గారు విద్యాశాఖలో పెద్ద అధికారి. కిందటి నెల సరస్సు ఒడ్డున లాడ్జిలో, రెండు పూటలా చేపల భోజనంతో, "చదువు పిల్లల చేతుల్లో పెట్టండి" అని మేష్టార్లకు మూడు రోజులు బోధించారు. ఆ విత్తనం ఎక్కడైనా మొలిచిందా అని ఇప్పటికి పదకొండు బడులు తిరిగారు. ఎక్కడ చూసినా అదే బెత్తం, అదే వల్లెవేత. "మట్టిబుర్రలు!" అని కారెక్కిన ప్రతిసారీ డ్రైవరుతో అన్నారు.

ఈ నమిసాలె బడిలో, ఎనిమిదో తరగతి గుమ్మంలో మాత్రం ఆయన కాళ్ళు ఆగిపోయాయి.

తొంభై మంది పిల్లలు. బోర్డు దగ్గర ఫలేసి అనే పిల్ల భిన్నాల లెక్క చేస్తోంది.

"కింది అంకె మింగేశావే! బుర్రలో న్సిమా ముద్దలున్నాయా?" అని అరిచాడు లైటన్ అనే కుర్రాడు.

"మొన్న మూడు మేకలకి పదమూడు కాళ్ళు లెక్కేసింది ఎవర్రా?" అని తిప్పికొట్టింది ఫలేసి.

తరగతి ఘొల్లుమంది. ఆ పిల్ల తప్పు చెరిపి మళ్ళీ చేసింది.

చివరి బెంచీలో ఒకామె కూర్చుని ఉంది. వీపున చితెంజె గుడ్డలో పసిబిడ్డ నిద్రపోతోంది. ఆమె బోర్డు వంకా పిల్లల వంకా చూస్తూ నోటుబుక్కులో రాసుకుంటోంది. పెదవి కదపడం లేదు.

టీచరంటే అలా ఉండాలి అనుకున్నారు కాంవెండో గారు. ఆమె ఎవరని ఎవరినీ అడగలేదు. అడిగి తెలుసుకునే అలవాటు ఆయనకు లేదు.

"బ్వానా, ఈ తరగతి సంగతే మీకు మూడు ఉత్తరాలు..." అన్నాడు నసిబెకో.

"ఉత్తరాలు ఆఫీసులో చూసుకుందాం," అని ఆయన ఫలేసి వైపు తిరిగారు. "ఏమ్మా, పాఠం నువ్వే చెప్తున్నావా?"

"తలా ఒకటి పంచుకున్నాం సార్. భిన్నాలు నావి, శాతాలు లైటన్‌వి. ఎవరిది వాళ్ళు ముందే నేర్చుకొచ్చి మిగతావాళ్ళకి చెప్పాలి."

"అర్థం కాకపోతే?"

"తేలేదాకా కొట్టుకుంటాం సార్. అప్పటికీ తేలకపోతే రోడ్డవతల ఆస్పత్రి నర్సమ్మని అడుగుతాం."

"సమాజ భాగస్వామ్యం!" కాంవెండో గారు గబగబా రాసుకున్నారు. "మీ టీచరు ఎప్పుడైనా కొట్టారా?"

ఫలేసి లైటన్ మొహం చూసింది.

"లేదు సార్."

"కోప్పడ్డారా?"

"ఒక్కసారి కూడా లేదు సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లైటన్ గుర్రుగా చూశాడు.

"ఐదు వారాల్లో ప్రభుత్వ పరీక్ష కదా. భయం లేదూ?"

"ఉంది సార్. అందుకే సెలవు రోజుల్లో కూడా వస్తున్నాం," అంది ఫలేసి. ఈసారి ఆ పిల్ల గొంతు వణికింది.

కాంవెండో గారు ఆ వణుకు వినలేదు. నసిబెకో వైపు తిరిగారు.

"చూశారా పెద్దాయనా? ముప్ఫై ఏళ్ళుగా మీరు గొంతు చించుకుని సాధించలేనిది, ఆవిడ నోరు మూసుకుని సాధించింది. మీలాంటి వాళ్ళు పక్కకి తప్పుకుంటే చాలు, దేశం దానంతట అదే బాగుపడుతుంది!"

నసిబెకో చెవులు వేడెక్కాయి. "బ్వానా, ఆ అమ్మాయి..."

"మళ్ళీ అడ్డు!"

కాంవెండో గారు బెంచీల మధ్య నుంచి నడిచి వెళ్ళి ఆమె ఎదుట నిలబడ్డారు. ఆమె చప్పున లేచింది. మహా అయితే పంతొమ్మిదేళ్ళుంటాయి.

"అమ్మా, మా శిక్షణకి ప్రాణం పోసింది మీరే. వచ్చే నెల లిలోంగ్వే సభలో మిమ్మల్ని వేదిక ఎక్కిస్తాను. మొహమాటపడకండి, ఏం కావాలో అడగండి. నేనిప్పిస్తాను."

ఆమె నసిబెకో వంక చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"మా తరగతికి టీచర్ని ఎప్పుడు పంపిస్తారు సార్?"