బొట్టు రూలు

"బొట్టు పెట్టుకోకపోతే ఉద్యోగం తీసేస్తారా? ఇది పెళ్ళిచీరల కొట్టా, పోలీసుస్టేషనా?"

శ్రీరాములు గొంతుకి కొట్లో చీరలు చూస్తున్న ఆడవాళ్ళంతా తలలు తిప్పారు. కౌంటరు వెనక సత్యవేణి ఒకే చీరని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. భర్త మస్కట్‌లో పోయి రెండేళ్ళయింది. అమలాపురంలో ఈ సేల్సు ఉద్యోగం దొరికాకే పిల్ల మళ్ళీ బడికి వెళ్తోంది. ఇప్పుడు ఆ ఉద్యోగానికే ఎసరొచ్చింది.

బావగారు శ్రీరాములు ఒక్కడే వచ్చినా బాగుండేది. ఉప్పలగుప్తం నుంచి తల్లి అప్పలమ్మనీ, చాలదన్నట్టు ఒక ప్లీడరునీ కూడా వెంటేసుకొచ్చాడు మహానుభావుడు.

యజమాని భాస్కరరావు గారు మెడ చుట్టూ చెమట తుడుచుకున్నారు. "అందరికీ ఒకటే రూలండీ. కొట్లో ఆడపిల్లలంతా ఆకుపచ్చ చీర, బొట్టు, గాజులు, పూలు. పెళ్ళివారొచ్చే కొట్టు కదండీ. సోమవారం నుంచి అమలండీ."

"మొగుడు పోయినదానికి పూలేంటండీ? నలుగురూ నవ్వరా?" అన్నాడు శ్రీరాములు.

"మా ఇంటా వంటా లేదండీ ఇది," అప్పలమ్మ అందుకుంది, పక్కనున్న ఎస్టీడీ బూతు దాకా వినబడేలా. "ముప్ఫై ఏళ్ళబట్టీ నేను బోసి మొహంతో బతకట్లేదా? ఇదేం పోయేకాలమండీ."

సత్యవేణి తల ఇంకా కిందికి దిగింది. ఆ ఆకుపచ్చ చీర మీద తన మనసెంత పీకుతోందో వీళ్ళకి తెలిస్తే ఇంకేమైనా ఉందా. అద్దం ముందు ఎన్నిసార్లు వేలు నుదుటిదాకా వెళ్ళి ఆగిపోయిందో ఆ దేవుడికే తెలియాలి.

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. "చూడండి భాస్కరరావు గారూ. యూనిఫారం చీర కట్టుకోమనే హక్కు మీకుంది, కాదనం. బొట్టూ పూలూ మాత్రం ఎవరి సొంత విషయం వాళ్ళది. ఆవిడ వద్దంటే బలవంతపెట్టకూడదు. ఆ వంకన ఉద్యోగం తీసేరా, నోటీసు ఇవ్వాల్సొస్తుంది."

"ఆయ్," అన్నారు భాస్కరరావు గారు నీరుగారిపోయి.

"విన్నారుగా," అంటూ శ్రీరాములు మీసం దువ్వాడు.

"నువ్వుండరా," అంది అప్పలమ్మ. "ప్లీడరు గారూ, తెలీక అడుగుతానండీ. వద్దంటే సరే. పెట్టుకుంటానంటేనండీ?"

"అప్పుడు గొడవే లేదమ్మా. ఇష్టం ఆవిడది."

"ఇదిగో, వీడు కాదంటేనండీ?"

"ఎవరు కాదన్నా చెల్లదమ్మా. చట్టం ఆవిడ మాటే అడుగుతుంది."

అందరి కళ్ళూ సత్యవేణి మీద పడ్డాయి.

"బెల్లంకొట్టిన రాయిలా నిలబడతావేమే? ఏదో ఒకటి చెప్పు," అత్తగారు గద్దించింది.

"పెట్టుకుంటానండీ," అనేసింది సత్యవేణి. ఎలా అనగలిగిందో ఆమెకే తెలీదు.

శ్రీరాములు నోరు వెళ్ళబెట్టాడు. ప్లీడరు ఇక తనకి పని లేదని సంచీ చంకలో పెట్టుకున్నాడు. "చట్టమే అలా ఉంటే మనమేం చేస్తాం, పదరా," అంటూ అప్పలమ్మ కొడుకు రెక్క పట్టుకుని మెట్లు దిగిపోయింది. కోడలి వైపు తిరిగైనా చూడలేదు.

సత్యవేణి స్టూలు మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మయ్య, ఉద్యోగం నిలబడింది, సోమవారం బొట్టు పెట్టుకోవచ్చు. సాయంత్రం అత్తగారు గుమ్మం తొక్కనిస్తుందా అన్నదొక్కటే బెంగ.

"మీకు పుణ్యముంటుందండీ," అంది, భాస్కరరావు గారు కొత్త చీర చేతికిస్తుంటే. "ఈ రూలు మీకెలా తోచిందో గానీ."

ఆయన వీధివైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించారు.

"మీ అత్తగారే వచ్చి పెట్టించేరమ్మా."