ఆఖరి చందాదారు

"మూసేస్తున్నావా?" అన్నారు టైలర్ మాస్టారు. కూర్చోమని కూడా అనలేదు.

అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఈ ముక్క ఫోనులో చెప్పి ఊరుకోవచ్చు. నమ్మి డబ్బు కట్టిన మనిషికి ఎదురుగా వచ్చి చెప్పడం మర్యాద అనుకున్నాడు. మర్యాదకి పోతే ఏం దక్కుతుందో ఇప్పుడు తెలుస్తోంది.

"ఈ నెలాఖరు దాకా నడుస్తుంది మాస్టారూ."

"ఆ తర్వాత?"

"ఉండదు."

అతను నడిపేది 'కొలతల పెట్టె'. దర్జీలు తమ దగ్గరికి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళ కొలతలు ఫోనులో ఎక్కిస్తే, అవి కంపెనీ కంప్యూటర్లో భద్రంగా ఉంటాయి. అందుకు నెలనెలా చందా. కంపెనీ అంటే మేడలూ మిద్దెలూ ఏమీ లేవు. యజమాని, గుమాస్తా, ఫోనెత్తి తిట్లు తినేవాడు, అన్నీ అతనే. ఒకప్పుడు చాలామంది దర్జీలే కట్టేవారు. అలాంటిదే ఇంకొకటి ఊరికే దొరికేసరికి, ఏరు దాటి తెప్ప తగలేసినట్టు ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలింది ఈ మాస్టారొక్కరే.

"మీరున్నంత కాలం మేముంటాం అని రాసుకున్నావు కదా అందులో?"

"రాశానండీ."

"మరి నేను పోయానా?"

కత్తిరింపు బల్ల మీద ఉల్లిపాయలు తరుగుతున్న మాస్టారి భార్య తలెత్తింది. ఆదివారం కదా, కొట్టుకి సెలవు కాబోలు, బల్ల వంటింటి పాలయింది అనుకున్నాడతను.

"మూసేస్తే పీడా పోయింది. నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా. ఈయన వింటేగా," అందావిడ.

"నువ్వు ఉల్లిపాయల సంగతి చూడు."

"చూస్తూనే ఉన్నా. ఈ కళ్ళనీళ్ళు ఉల్లిపాయలకొస్తున్నాయో మీ తెలివికొస్తున్నాయో తేలడం లేదు."

అతను జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. "మీ కొలతలన్నీ ఇందులో వేసిస్తాను మాస్టారూ. ఒక్కటీ పోదు. ఏ కంప్యూటర్లో పెట్టినా తెరుచుకుంటాయి."

మాస్టారు దానివైపు చూడనేలేదు.

"అది సరే. తర్వాత నువ్వేం చేస్తావు?"

"నేనా?"

"నువ్వే. పెట్టె మూసి ఇంట్లో కూర్చుంటావా? పెళ్ళాం పిల్లలకి ఏం చెబుతావు?"

ఎత్తిపొడుపే అనుకున్నాడతను. పడాల్సిందే. కానీ ఇంటిదాకా ఎందుకు?

"మీ కోపం న్యాయమే మాస్టారూ. మధ్యలో మా ఇంట్లోవాళ్ళని లాగకండి."

"లాగడమేమిట్రా? ఇల్లెలా గడుస్తుందని అడుగుతున్నా."

దాచి లాభం లేదు. "గడుస్తుందండీ. నేను వేరే కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను."

"ఎప్పుడు చేరావు?"

"రెండేళ్ళు దాటింది."

మాస్టారి మొహం మాడిపోయింది. అలవాటుగా మెడలో వేలాడుతున్న టేపు లాగి బల్ల మీదికి విసిరారు. అది వెళ్ళి ఉల్లిపాయల్లో పడింది.

"రెండేళ్ళు. ఇన్నిసార్లు ఫోను చేశానే, ఒక్కసారైనా చెప్పావా?"

"చెబితే మీరు బెంగపెట్టుకుంటారని. కంపెనీ సంగతి వీడు పట్టించుకోవడం లేదు, ఇక మన కొలతలు గంగలో కలిసినట్టే అనుకుంటారని."

"అంటే అక్కడ జీతం తీసుకుంటూ, ఇక్కడ నా దగ్గర చందా కూడా తీసుకున్నావు."

ఈ మాట తగలాల్సిన చోట తగిలింది. చెప్పుకోకూడదనుకున్నదంతా అతని నోట్లోంచి వచ్చేసింది.

"మీ చందా ఏ మూలకండీ? ఆ కంప్యూటరు అద్దె నేను జీతంలోంచి కడుతున్నాను. ఒక్క మనిషికి ఊరంత పందిరేమిటని మా ఆవిడ రోజూ దెప్పుతూనే ఉంది. అయినా నడిపాను. ఉన్నట్టుండి కొలతలు లేకపోతే మీరు ఎవరికని కుడతారు, ఏమని కుడతారు? ఈ వయసులో మీ పని నా వల్ల ఆగిపోకూడదనుకున్నాను. ఇప్పుడు పిల్ల కాలేజీకొచ్చింది. ఇక నా వల్ల కాదు."

కత్తి చప్పుడు ఆగింది.

మాస్టారు గోడకున్న ఖాళీ అద్దాల బీరువా కేసి చూశారు. కోపం దిగిపోయిన మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోతాడు. ఆయనా అయ్యారు.

"చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది భార్య.

"నువ్వుండవే." ఆయన అతనివైపు తిరిగారు. గొంతు మారింది. "నా పెట్టె ఎప్పుడైనా తెరిచి చూశావా అబ్బాయ్?"

"అయ్యో, లేదండీ. అందులో పరాయివాళ్ళ ఒంటి కొలతలుంటాయి. ఆడవాళ్ళవీ ఉంటాయి. అవి మీరు తప్ప ఇంకొకరు చూడకూడదు. మొదట్నుంచీ అదే నా నియమం."

"నియమం," అన్నారు మాస్టారు. కుర్చీ లాగి, ఇప్పటికి కూర్చోమన్నారు.

"ఒక్కసారి తెరిచి చూడాల్సింది. నేను కత్తెర కింద పెట్టి నాలుగేళ్ళయిందిరా. తక్కినవాళ్ళంతా మానేశారని విని, నేనూ మానేస్తే మీ ఇంట్లో పొయ్యిలోంచి పిల్లి లేవదని కడుతూ వచ్చాను."