తలుపుకు ఆనించిన గడ్డపార

పోలీసు మొహం కనబడగానే ప్రతి ఇంటి తలుపూ దానంతటదే తెరుచుకోవాలని చట్టం చేసింది మీరు, మంత్రిగారూ. మా బస్తీ బీబీజాన్‌ను చంపింది ఎస్సై భూపతి ఒక్కడే కాదు, మీరూ చంపారు.

నిన్న పట్టపగలు ఆమె తలుపు వాడికి నమస్కారం చెప్పి మరీ తెరుచుకుంది. మెడలో గొలుసు తెంపబోతే ఆమె వాడి చెయ్యి కొరికింది. వాడు లాఠీతో తల పగలగొట్టాడు. పోలీసు వస్తే గుర్తుపెట్టుకోవద్దని మీరు నేర్పారు కాబట్టి, ఎవరూ రాలేదని ఆ తలుపే సాక్ష్యం చెప్పింది.

పక్కింటి యాకమ్మ గోడ అవతలినుంచి అంతా విన్నది. స్టేషన్‌కెళ్లి చెప్పింది, అక్కడ వాడి చేతికి కట్టు చూసింది. ఇవాళ వాడు ఆమె కోసం వచ్చాడు.

"సార్, లోపలికి దయచేయండి" అంది తలుపు. తాళం ఊడింది గానీ తలుపు కదల్లేదు. లోపల యాకమ్మ గడ్డపార అడ్డంపెట్టి కూచుంది.

"తియ్యవే! పోలీసుకు అడ్డంపెడితే జైలే!"

"జైలుకే తీస్కపో సారూ. ముందుగాల పదిమందిని పిలువు, ఆళ్ల ముందట తీస్త. నీ చేతికి గా కట్టు ఏందో గూడ ఆళ్లకు చెప్పు."

తుపాకీ పేలింది. గుండు చెక్కలోంచి దూరి ఆమె భుజం చీల్చింది. ఆమె లేవలేదు. నెత్తురు కారుతున్న వీపునే తలుపుకు ఆనించింది. "సార్, దయచేయండి" అని తలుపు ఇంకా పిలుస్తూనే ఉంది.

తుపాకీ చప్పుడుకి బస్తీ మొత్తం ఉరికొచ్చి వాడి మీద పడ్డాం. కట్టేశాం. కోర్టుకు మేమే నడిపించుకొస్తాం, పోలీసు బండి ఎక్కనివ్వం.

మీరు మాత్రం ఇవాళే ప్రతి తలుపులో ఎక్కించిన పోలీసు మొహాలు చెరిపెయ్యండి. చెరిపేశాక మీరే రండి, బయట నిలబడి తలుపు కొట్టి చెప్పండి. అప్పటిదాకా యాకమ్మ గడ్డపార తియ్యదు.