అక్క కొన్న కార్డు

“షాక్ కొడుతుందేమోరా లూయిస్! చెప్పులేసుకో. పొగొస్తేనో? ఇల్లంటుకుంటేనో?”

వాడింకా ఒక్క స్క్రూ అయినా విప్పలేదు. జోసెఫిన్ అప్పుడే కాలిపోతున్న ఇంటిని చూసేస్తోంది.

“ప్లగ్గు తీసేశాను. ఏం కాదు” అన్నాడు లూయిస్.

కొత్త కంప్యూటరు వాడికోసమే కొంది. సెలవులకి ఫరంపేట వచ్చినవాడు ఇక కదలకూడదని. వాడేమో ఆటలో బొమ్మలు ఆగి ఆగి వస్తున్నాయని, సైకిలేసుకుని మెట్టకూరు వెళ్లి, జోసెఫిన్ అక్క ఇంట్లోని పాతదాంట్లోంచి గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి తెచ్చాడు. అది అక్క కొన్నది. చుట్టి తెచ్చిన గుడ్డ కూడా అక్క చీర ముక్కే.

అక్కకి పిల్లల్లేరు. ఇల్లు చిన్నబోయి ఉంటుందని లూయిస్‌ని పెంచుకోమని అక్కడికి పంపింది తనే. అయినా, నవమాసాలు మోసి కన్నది తను కాదూ? మధ్యాహ్నం రొయ్యల ఇగురు వండిపెడితే, “అక్కడ మామిడికాయ వేస్తారు” అన్నాడు. ఆ మాట ఇంకా గొంతు దిగలేదు.

“కొత్తది నేను కొంటే, ఇందులోకీ ఆవిడే దూరాలా?” అంది భర్త జేవియర్‌తో.

“ఎవరు కొన్నారో ఆ రేకుముక్కకేం తెలుసే!” నవ్వాడాయన.

“నవ్వండి. అడవిపొలం ఊళ్లో ఎవరిదో టీవీ పేలిపోయిందంట. దాంట్లోనూ పాత సామానే వేశారంట.”

లూయిస్ కార్డు అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. గాడిలో పెట్టి నొక్కాడు. టక్‌మంది. జోసెఫిన్ సిలువ గుర్తు వేసుకుంది. స్విచ్చి వేశాడు.

తెర నల్లగా ఉండిపోయింది.

“చెప్పానా! కాల్చేసింది! తీసేయ్, పట్టుకెళ్లి ఆవిడకే ఇచ్చేయ్!”

గొంతు నిండా భయం. అడుగున చిటికెడు సంతోషం.

లూయిస్ వెనక్కి వంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. “మానిటర్ వైరు ఈ కంప్యూటరు సొంత సాకెట్‌లోనే ఉంచేశాను. కార్డు పెట్టాక కార్డుకే తగిలించాలి.”

“దీనికే ఉంటే ఏం పోయిందిరా?”

“బొమ్మ దాన్నించి వస్తుంది మరి.”

వైరు మార్చాడు. తెర వెలిగింది. ఆటలో కారు, గోదావరి మీద పడవలా జారిపోతోంది.

“బలే! సాయంత్రం ఫోన్ చేసి చెప్పాలి” అన్నాడు. ఎవరికో జోసెఫిన్‌కి తెలుసు.

వాడి పక్కన కూర్చుంది.

“కంప్యూటరిక్కడే, కార్డూ ఇక్కడే. నువ్వూ ఉండిపోరా నాన్నా. ఇంక అక్కడికెందుకు?”

లూయిస్ ఆట ఆపేశాడు. ఫ్యాను కిర్రుమంటోంది. జేవియర్ పేపరు దించాడు. జోసెఫిన్ ఆ చీర ముక్కని మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

తల ఎత్తకుండానే అన్నాడు వాడు:

“అమ్మనడిగి చెప్తాను పిన్నీ.”