ఆడని అబద్ధం

"స్వామీ, మీరు అయ్యప్ప మాలలో ఉన్నారు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. వెంకట్ ఎలాంటివాడు?"

రెడ్డిగూడెం మామిడి తోటలో పూతకు మందు కొడుతున్న ఆంజనేయులు పంపు ఆపి, చేతులు కడుక్కున్నాడు. వచ్చినాయన హైదరాబాదు అధికారి. పక్కింటి పున్నమ్మ కొడుకు వెంకట్‌కి రక్షణ శాఖలో ఉద్యోగం వచ్చింది. రహస్య కాగితాలు చూసే ఉద్యోగం. చేరే ముందు ఊళ్లో విచారణ తప్పదు.

"బంగారమండీ. సిగరెట్టయినా ముట్టడు."

"మరి ఆ నాలుగు లక్షల పర్సనల్ లోను? మూడు వాయిదాలు కట్టలేదు. ఎందుకు తీశావయ్యా అంటే సొంత అవసరం అంటాడు. ఏం అవసరమో చెప్పడు. అప్పుల్లో మునిగినవాణ్ణి ఎవరైనా కొనేయొచ్చు స్వామీ. మా భయం అదే. లోను సంగతి మీకు తెలుసా?"

తెలియదందామనుకున్నాడు ఆంజనేయులు. చెయ్యి మెడలోని తులసి పూసల మీదికి పోయింది.

"తెలుసండీ."

"పేకాటా? క్రికెట్ బెట్టింగా?"

"స్వామియే శరణం! అలాంటివేం లేవండీ."

"పోనీ, ఇంటికేమైనా ఖర్చుపెట్టాడా?"

ఆంజనేయులు తల దించుకున్నాడు. "ఆ ఇంట్లో ఒక్క రూపాయి ఖర్చు కాలేదండీ."

"అంటే డబ్బు ఎటు పోయిందో తేలనట్టే." అధికారి ఏదో రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.

ఆయన్ని కారుదాకా సాగనంపి, ఆంజనేయులు మళ్లీ పంపు అందుకున్నాడు.

సాయంత్రం పున్నమ్మ గోడ పక్కకొచ్చి నిలబడింది. "ఏం చెప్పావు స్వామీ?"

"అబద్ధం ఒక్క ముక్క ఆడలేదక్కా."

"అది చాలయ్యా. మాలలో ఉన్నవాడి మాట ఎవరు కాదంటారు? ఇక మావాడి ఉద్యోగానికి ఢోకా లేదు." స్వామికి ఫలహారమంటూ అరటిపళ్లు చేతిలో పెట్టి వెళ్లింది.

పూజలో కూర్చుని శరణుఘోష మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాడు. అబద్ధం ఆడకపోతే నిజం చెప్పినట్టేనా స్వామీ అని పటాన్ని అడిగాడు.

పోయినేడు పూతంతా మాడిపోయి, బ్యాంకులన్నీ పొమ్మన్నప్పుడు, "వాయిదాలు నువ్వు కట్టుకో మావయ్యా, ఎవరికీ చెప్పన్లే" అంటూ వెంకట్ ఆ నాలుగు లక్షలూ తెచ్చి పెట్టింది ఆంజనేయులు చేతిలోనే.