పార్థసారథి సైకిల్ వేట

కొత్త సైకిల్ పోయిందని తెలిసిన సాయంత్రం పార్థసారథి అన్నం ముట్టలేదు.

నయాపైసలు వచ్చిన ఏడాది అది. ప్రొద్దుటూరు రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా అయిన పార్థసారథికి యాభై దాటాయి, చక్కెర జబ్బూ పట్టుకుంది. ఒళ్లు వంచకపోతే కాళ్లు పనికి రాకుండా పోతాయని డాక్టరు భయపెడితే మద్రాసు నుంచి సైకిల్ తెప్పించాడు. పచ్చరంగు, కిందికి వంగిన హ్యాండిల్, అద్దంలా మెరిసే బెల్లు.

వయసులో పులివెందుల నుంచి కడప దాకా తొక్కిన మనిషే. కానీ ఈ సైకిల్‌ను ఒక్కసారీ ఎక్కలేదు. రోడ్డంతా దుమ్ము, ముళ్లు. గీత పడితే? వరండాలో నిలబెట్టి, పొద్దున్నే తుడిచి, పాత పంచె కప్పి, తను మాత్రం జట్కాలో ఆఫీసుకు పోయేవాడు. అది బండా, ఉత్సవ విగ్రహమా అని భార్య అనసూయ రోజూ సణిగేది.

ఆ మధ్యాహ్నం ఆమె కునుకు తీసి లేచేసరికి వరండాలో పంచె ఒక్కటే మిగిలిందట.

అనుమానం సిరాజుద్దీన్ మీదికి పోయింది. వీధి చివర సైకిల్ షాపు అతనిదే. ఆ బండి విలువ ఊళ్లో తెలిసినవాడూ అతనే. పార్థసారథి ఫిర్యాదు చేశాడు. రెండు రోజులకు హెడ్ కానిస్టేబుల్ వచ్చి షాపంతా సోదా చేస్తే బాడుగ సైకిళ్లు, పాత టైర్లు తప్ప ఏమీ కనిపించలేదు. దొంగ బండ్లు సంతల్లో అమ్ముతుంటారని, అక్కడ వెతుక్కోమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. పార్థసారథికి సిరాజుద్దీన్ మొహం చూడ్డానికి సిగ్గేసింది.

సిరాజుద్దీన్ మాత్రం కోపం చేసుకోలేదు.

"జట్కాలో కూచోని పోతే సంతలో ఏం కనిపిచ్చాది సామీ? సందుల్లో తిరగాలంటే సైకిలే మేలు. దీన్ని తీస్కపోండి" అంటూ మూలనున్న నల్ల సైకిల్‌ను ముందుకు తోశాడు. మొద్దు హ్యాండిల్, చిరిగిన సీటు, తుప్పు పట్టిన మడ్‌గార్డులు.

మొదటి ఆదివారం జమ్మలమడుగుకు బయల్దేరాడు. సగం దారికే ఊపిరి అందలేదు. దిగి, గట్టు మీద కూలబడి, వెనక్కి పోదామా అనుకున్నాడు. పోయిన బండి కళ్లముందు మెదిలి మళ్లీ ఎక్కాడు. అప్పుడొచ్చింది దిగుడు. గాలి చొక్కాలో దూరి వీపు మీద బుడగలా ఉబ్బింది. తొక్కకుండానే చక్రాలు పరుగెత్తుతున్నాయి. పార్థసారథి పైకే నవ్వేశాడు. పత్తి తీస్తున్న ఆడవాళ్లు తలలెత్తి చూశారు.

జమ్మలమడుగులో సైకిల్ దొరకలేదు. తర్వాతి వారం ఖాజీపేట, ఆపై వేంపల్లె. ఎక్కడా పచ్చ సైకిల్ జాడ లేదు. ఈలోగా చొక్కాలు వదులయ్యాయి. జట్కా మానేశాడు. చక్కెర తగ్గిందని డాక్టరు ఆశ్చర్యపోయాడు. వెతకాల్సిన సంతలు అయిపోతున్నాయని పార్థసారథికి లోలోపల బెంగ పట్టుకుంది.

చివరికి పులివెందుల. తెల్లవారకముందే బయల్దేరి మిట్టమధ్యాహ్నానికి చెల్లెలి ఇంటి ముందు బెల్లు కొట్టాడు. చిన్ననాటి స్నేహితులతో కబుర్లు చెప్పి, రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు తిరుగుదారి పట్టాడు. ముద్దనూరు దాటాక గానీ సంతలో వెతకనేలేదని గుర్తు రాలేదు. వెనక్కి తిరగాలని కూడా అనిపించలేదు.

ఇంటికి పోకుండా నేరుగా షాపుకే వచ్చాడు. సిరాజుద్దీన్ పంక్చరు వేస్తున్నాడు.

"ఆ పచ్చ బండి పోతే పోనీలే సాయిబూ, కేసు వాపసు తీసుకుంటా. దీన్ని నాకు అమ్ము. ఇట్లాంటి బండి నా జన్మలో తొక్కలేదు."

సిరాజుద్దీన్ చేతులు తుడుచుకుని లేచాడు.

"నేనెట్ల అమ్మేది సామీ? ఇది నాది కాదు."

"మరెవరిది?"

"మీదే సామీ. మీరు ఆఫీసుకు పోయినాక వరండాలోంచి తోసుకోనొచ్చి, రంగు, హ్యాండిలు, సీటు అన్నీ మార్చి ఎట్లన్నా మీతో తొక్కిచ్చమని నా కాడ పెట్టిపోయిండేది అనసూయమ్మే."