పందికొక్కు గుమ్మంలో ఎర్రపూస

ఎప్పుడో మట్టిలో కూరుకుపోయిన ఊరొకటి ఉండేది. తవ్వినమేరకు బయటపడ్డ గోడల చుట్టూ కంచె వేసి, గడ్డి పెంచి, వచ్చేపోయేవాళ్ళకి చూపించేవారు. ఇంకా తవ్వని దిబ్బలో ఒక పందికొక్కు పిల్లలతో కాపురముండేది. బొరియ లోతు చేస్తుంటే దానికో ఎర్రపూస దొరికింది. మురిసిపోయి గుమ్మంలో పెట్టుకుంది.

“వదినా, లోపల దాచుకో. ఈ తవ్వకాలవాళ్ళు పూస కనబడితే చాలు, పార పట్టుకొస్తారు,” అంది ఉడుత.

“నా ఇంటి సింగారం చూసి నీకు కళ్ళు కుట్టాయా?” అని మూతి తిప్పుకుంది పందికొక్కు.

మర్నాడే తవ్వకాలవాళ్ళు పూస చూశారు. చుట్టూ తాడు కట్టి, పొరపొరగా మట్టి తీశారు. పందికొక్కు పిల్లల్ని నోట కరుచుకుని పొదలోకి పరుగెత్తింది. తవ్వేవాళ్ళని తిట్టిపోద్దామని వెనక్కి తిరిగి చూసింది. తన పడకగది కిందే ఇంకో ఇల్లు బయటపడుతోంది. మసిబారిన పొయ్యి, దాని పక్కనే చిన్నపిల్లలు ఆడుకునే మట్టిబండి.

“అయ్యో, ఈ ఇల్లాలు కూడా నాలాగే పిల్లల్నెత్తుకుని పరుగెత్తిందో ఏమో!” అనుకుంది. ఇక తిట్టు నోట రాలేదు.

దిబ్బ అవతలి కొసన కొత్త బొరియ తవ్వుకుంటుంటే ఈసారి నీలిపూస దొరికింది. పందికొక్కు దాన్ని దొరికినచోటే పెట్టి మట్టి కప్పింది.

“భయమేసి దాచేస్తున్నావా?” అని నవ్వింది ఉడుత.

“దాచడం కాదు వదినా. ఆ పాత ఇంటావిడ తిరిగొస్తే వెతుక్కోదూ?”